బెదిరించే తెరకు బెదరొద్దు

సినిమా చూద్దామని ప్లే బటన్ నొక్కితే బెట్టింగ్ యాప్ తెరుచుకుంటుంది. కరెంటు బిల్లు కడదామని వెతుకుతుంటే ‘మీ ఫోన్‌లో వైరస్’ అంటూ సైరన్ మోగుతుంది. అడక్కుండా ఊడిపడే ఈ పాప్-అప్ కిటికీల వెనక ఎవరున్నారు? వాళ్ళకు డబ్బు ఎలా వస్తోంది? వాళ్ళ బారిన పడకుండా మనల్నీ, ఇంట్లో పెద్దవాళ్ళనీ, పిల్లల్నీ కాపాడుకునేదెలా?

హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి పేరు 2025 నవంబర్‌లో కొన్నాళ్ళపాటు వార్తల్లో మార్మోగింది. ఐబొమ్మ పైరసీ వెబ్‌సైట్ నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని ఇక్కడే అరెస్టు చేశారు. నవంబర్ 17న నగర పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ విలేకరులకు వివరాలు చెప్పారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి లాంటి సినీ ప్రముఖులు ఆయన్ని కలిశారు. నిందితుడి నుంచి సుమారు 3 కోట్ల రూపాయలు స్వాధీనం చేసుకున్నామనీ, 50 లక్షల మంది వినియోగదారుల వివరాలు అతని దగ్గర ఉన్నాయనీ పోలీసులు వెల్లడించారు. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు.

ఆ రోజుల్లో చర్చంతా నిర్మాతల నష్టం చుట్టూనే తిరిగింది. న్యాయమైన చర్చే. కానీ సినిమా చూసేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటి అలాగే మిగిలిపోయింది. టికెట్ లేదు, చందా లేదు, సినిమా మొత్తం ఉచితం. మరి ఆ కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పోలీసులు చెప్పిన ప్రకారం, బెట్టింగ్ యాప్‌ల ప్రచారం నుంచి. అంటే సినిమా ఎర మాత్రమే. ఎరకు తగులుకున్నవాళ్ళని వేరే చోటికి తోలుకెళ్ళడమే అసలు వ్యాపారం.

ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో, కూకట్‌పల్లికి ఆనుకునే ఉన్న మియాపూర్ పోలీస్ స్టేషన్‌లో సినీ తారలు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు నమోదైంది. అదే ఏడాది ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ముందు వాకిలి ఇలా మూసుకుపోయేకొద్దీ ఈ వ్యాపారానికి దొడ్డిదారే దిక్కయింది. ఆ దొడ్డిదారి పేరు పాప్-అప్.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి కూకట్‌పల్లి కంటే తగిన చోటు లేదు. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఇక్కడి అపార్ట్‌మెంట్‌లలోనే ఉంటారు. పొద్దున్నే క్యాబ్‌లో, బైక్ మీద హైటెక్ సిటీకి వెళ్తారు. వాళ్ళటు వెళ్ళాక ఇంట్లో మిగిలే అమ్మానాన్నలు అదే వైఫైతో భక్తి పాటలు, వంటలు, సీరియళ్ళు చూస్తుంటారు. కేపీహెచ్‌బీ హాస్టళ్ళలో ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు రాత్రిళ్ళు ఫోన్లలో కొత్త సినిమా వెతుకుతుంటారు. రోజంతా కంప్యూటర్ భద్రత గురించి మీటింగుల్లో మాట్లాడి వచ్చిన కొడుకు, ఇంట్లో అమ్మ ఫోన్‌ను ఒక్కసారి కూడా తెరిచి చూడడు. మోసగాళ్ళకు కావాల్సింది ఆ ఖాళీయే.

కనిపించని పొర

పాప్-అప్ చెడ్డపని కోసం పుట్టింది కాదు. 1990ల మధ్యలో బ్రౌజర్లకు జావాస్క్రిప్ట్ వచ్చినప్పుడు, ఒక పేజీ ఇంకో చిన్న కిటికీని తెరవగల సౌకర్యం కూడా దాంతోపాటే వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో అమెరికాలోని ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్ ఆ సౌకర్యాన్ని ప్రకటనల కోసం వాడాడు. ఒక పెద్ద కార్ల కంపెనీ ప్రకటన అశ్లీల పేజీ మీద కనపడటంతో ఆ కంపెనీ అభ్యంతరం చెప్పింది. పేజీకీ ప్రకటనకూ సంబంధం లేనట్టు చూపించాలని ఆయన ప్రకటనను వేరే కిటికీలోకి మార్చాడు. 2014లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో ఈ సంగతంతా రాస్తూ ఆయన జనాన్ని క్షమాపణ కోరాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు నెట్ సెంటర్లో కూర్చుంటే వచ్చే కిటికీలను మూసుకుంటూ పోవడమే పనిగా ఉండేది. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ, అదే ఏడాది వచ్చిన ఫైర్‌ఫాక్స్‌కూ పాప్-అప్‌లను ఆపే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని బ్రౌజర్లలోనూ అది ముందే ఆన్ చేసి ఉంటుంది.

మరి ఇంకా ఎలా వస్తున్నాయి? బ్రౌజర్ ఒక సూత్రం పాటిస్తుంది. పేజీ తనంతట తాను కొత్త కిటికీ తెరవబోతే అడ్డుకుంటుంది. మనిషి వేలు తగిలి తెరుచుకుంటే, కావాలనే తెరిచారనుకుని వదిలేస్తుంది. పైరసీ సైట్లు పట్టుకున్న కిటుకు ఇదే. ప్లే బటన్ మీద కంటికి కనపడని ఇంకో పొర పరుస్తారు. మీరు నొక్కింది ప్లే బటనే అనుకుంటారు, వేలు తగిలింది ఆ పొరకు. మొదటిసారి నొక్కితే బెట్టింగ్ సైటు, రెండోసారి నొక్కితే ‘మీరు ఐఫోన్ గెలిచారు’, మూడోసారి నొక్కితే ఏదో ఏపీకే ఫైలు డౌన్‌లోడ్. నాలుగోసారికి గానీ సినిమా మొదలవదు. ‘ఈ సైటు ఇంతేలే, రెండుమూడు సార్లు నొక్కాలి’ అని మన పిల్లలు దాన్ని అలవాటు చేసేసుకున్నారు. నొక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరికి డబ్బు ముడుతోందనీ, ఆ డౌన్‌లోడ్‌లలో ఒక్కటి ఇన్‌స్టాల్ అయినా ఎస్సెమ్మెస్‌లలోని ఓటీపీలు పరాయివాడి చేతికి వెళ్ళొచ్చనీ వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

ఇలాంటి కిటికీ తెరుచుకున్నప్పుడు అందులోని ఇంటూ గుర్తును నొక్కడం చాలామంది చేసే పొరపాటు. ఆ ఇంటూ గుర్తు కూడా ప్రకటనలో గీసిన బొమ్మే అయి ఉండొచ్చు. దాన్ని నొక్కినా ‘అవును’ అని నొక్కినా ఒకే చోటికి వెళ్తారు. పేజీలో ఏదీ ముట్టుకోకుండా ట్యాబ్‌నే మూసేయాలి. కంప్యూటర్లో కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే చాలు. ఫోన్‌లో ట్యాబ్‌ల అంకె ఉన్న చిన్న చతురస్రం మీద నొక్కి, అక్కడి నుంచి ఆ ట్యాబ్‌ను తీసేయాలి.

భయాన్ని అమ్మే కిటికీ

ఆశపెట్టే పాప్-అప్‌లను పోల్చుకోవడం కొంత తేలిక. భయపెట్టేవే అసలు ప్రమాదం.

మధ్యాహ్నం పూట ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్‌లో ఏదో చదువుకుంటున్నారనుకుందాం. ఒక లింకు నొక్కగానే తెర మొత్తం నీలంగానో ఎర్రగానో మారిపోతుంది. మైక్రోసాఫ్ట్ గుర్తు కనిపిస్తుంది. ‘మీ కంప్యూటర్ లాక్ అయింది. బ్యాంకు వివరాలు దొంగల చేతికి వెళ్తున్నాయి. ఆఫ్ చేస్తే డేటా మొత్తం పోతుంది. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఆడగొంతు ఇంగ్లిష్‌లో ఆగకుండా చదువుతుంటుంది. మధ్యలో సైరన్. మౌస్ బాణం కనపడదు. మూసేద్దామంటే ఇంటూ గుర్తూ కనపడదు. గుండె ఝల్లుమంటుంది.

అక్కడ జరిగినది ఇంతే. ఆ పేజీ ఫుల్ స్క్రీన్ అయింది, యూట్యూబ్ వీడియోను పెద్దది చేసినప్పుడు అయినట్టే. అందుకే పైనుండే అడ్రస్ బార్, ఇంటూ గుర్తు మాయమయ్యాయి. మౌస్ బాణాన్ని కనపడకుండా చేయడం ఏ వెబ్ పేజీకైనా రెండు మాటల కోడ్‌తో అయ్యే పని. గొంతు ఒక ఆడియో ఫైలు. చకచకా కదులుతూ కనిపించే ‘స్కానింగ్’ ముందే తయారుచేసిన యానిమేషన్. లాక్ అయింది ఏదీ లేదు.

ఒక వెబ్ పేజీకి మీ కంప్యూటర్లో వైరస్ ఉందో లేదో తెలిసే దారే లేదు. బ్రౌజర్ దాన్ని లోపలి ఫైళ్ళ దాకా రానివ్వదు. వీధిలో పోయేవాడు గుమ్మం ముందు ఆగి ‘మీ పడగ్గదిలో మంచం కింద పాము దూరింది, నన్ను లోపలికి రానివ్వండి’ అని అరిస్తే ఎంత నమ్ముతామో, ఆ హెచ్చరికనూ అంతే నమ్మాలి. తమ ఎర్రర్ మెసేజ్‌లలో, హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఒక్క గుర్తు చాలు. హెచ్చరికలో ఫోన్ నంబరు ఉందంటే అది మోసం.

బయటపడటానికి వరసగా ఇవి చేయొచ్చు. మొదట ఎస్కేప్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఫుల్ స్క్రీన్ పోయి ఇంటూ గుర్తు బయటపడుతుంది. అప్పటికీ లొంగకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాలి. అదీ పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ అనాలి. మ్యాక్ అయితే కమాండ్, ఆప్షన్, ఎస్కేప్. ఇవేవీ గుర్తుకు రాని కంగారులో ఉంటే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపేయండి. ‘ఆఫ్ చేస్తే డేటా పోతుంది’ అన్నది మిమ్మల్ని కూర్చోబెట్టడానికి రాసిన మాట. సేవ్ చేయని ఫైలు ఏదైనా ఉంటే అది పోవచ్చు, అంతకు మించి భయం లేదు.

మళ్ళీ బ్రౌజర్ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తిరిగి తెరవమంటారా’ అని అడుగుతుంది. వద్దనాలి. ఒప్పుకుంటే ఆ పేజీ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ఫోన్‌లో బ్రౌజర్ తెరవగానే అదే పేజీ వస్తుంటే, ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నెట్ లేక పేజీ తెరుచుకోదు. అప్పుడు ఆ ట్యాబ్‌ను తీసేసి, తర్వాత నెట్ ఆన్ చేసుకోవచ్చు.

నంబరుకు అవతలి వైపు

ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి మీ తెరను తన చేతిలోకి తీసుకుంటాడు. తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరుస్తాడు. అందులో ఎర్ర గుర్తులతో, పసుపు గుర్తులతో వందల ఎర్రర్లు కనపడతాయి. ‘చూశారా, ఇవన్నీ వైరస్‌లే’ అంటాడు. ఈవెంట్ వ్యూయర్ కంప్యూటర్ రాసుకునే దినచర్య. ఒక ప్రోగ్రాం తెరుచుకోవడం ఆలస్యమైనా, ప్రింటర్ పలకకపోయినా అందులో నమోదవుతుంది. నిక్షేపంలాంటి కొత్త కంప్యూటర్లోనూ ఆ ఎర్ర గుర్తులుంటాయి. అవి చూసే చాలామంది పడిపోతారు. ఆపైన ‘క్లీనింగ్’ ఫీజు, గిఫ్ట్ కార్డులు, బ్యాంకు లాగిన్.

అమెరికా ఎఫ్‌బీఐకి చెందిన ఫిర్యాదుల కేంద్రం లెక్క ప్రకారం, ఇలాంటి టెక్ సపోర్ట్ మోసాల్లో 2024లో ఒక్క ఏడాదిలో పోయిన సొమ్ము 146 కోట్ల డాలర్లు. బాధితుల్లో 60 ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ నష్టపోయారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర ఉండే మన పెద్దవాళ్ళకూ ఈ ప్రమాదం ఉంది. ఫోన్ ఎత్తే గొంతు మాత్రం తరచూ మన దేశం నుంచే వినపడుతోంది. 2023 అక్టోబర్‌లో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. అందులో రెండు కేసులు మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద పెట్టినవి. భద్రతా హెచ్చరికల్లా కనిపించే పాప్-అప్‌లు పంపి, అందులోని టోల్‌ఫ్రీ నంబరుతో కాల్ సెంటర్లకు రప్పించుకున్నారన్నది అభియోగం. 2025 మార్చిలో మన మాదాపూర్‌లోనే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఒక నకిలీ కాల్ సెంటర్ మీద దాడి చేసి 63 మందిని అదుపులోకి తీసుకుంది. పేపాల్ ఖాతాలున్న అమెరికన్లను మోసం చేస్తున్నారన్నది ఆ కేసు.

హాస్టళ్ళలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ‘ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్, నైట్ షిఫ్ట్, క్యాబ్ ఫ్రీ’ అన్న ప్రకటనల్లో మంచివీ ఉంటాయి, ఇలాంటివీ ఉంటాయి. ఆఫర్ లెటర్ ఇవ్వకపోయినా, మీ పేరు మార్చి అమెరికన్ పేరు చెప్పమన్నా, మీరు పనిచేయని కంపెనీ పేరు చెప్పుకోమన్నా ఆ రోజే బయటికి రండి. కంప్యూటర్ సాయంతో వేరేవారిగా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ‘నేను స్క్రిప్టు చదివానంతే’ అంటే కుదరదు. మన ఇంటివాళ్ళ కష్టార్జితం ఎంత విలువైనదో, అవతలి ఖండంలోని ఓ ముసలావిడ పెన్షన్ కూడా అంతే విలువైనది.

తెర మీది పోలీసులు

ఇంకో రకం పాప్-అప్ ఉంది. కంపెనీ గుర్తు స్థానంలో మూడు సింహాల గుర్తు, హోం శాఖ పేరు, ఐపీసీ సెక్షన్లు. ‘మీరు నిషిద్ధ అశ్లీల దృశ్యాలు చూశారు. మీ బ్రౌజర్‌ను లాక్ చేశాం. ఇన్ని వేల జరిమానా కార్డుతో వెంటనే కట్టకపోతే అరెస్టు చేస్తాం’ అని ఉంటుంది. పక్కన గడియారం వెనక్కి పరుగెడుతుంటుంది.

2023 సెప్టెంబర్‌లో కేరళలోని కోళికోడ్‌లో ఒక టీనేజ్ విద్యార్థి ల్యాప్‌టాప్ మీద ఇలాంటి సందేశమే వచ్చింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో పేరు పెట్టి 33,900 రూపాయలు కట్టమన్నారు. కట్టకపోతే జైలన్నారు. ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోలేక ప్రాణం తీసుకున్నాడు. ట్యాబ్ మూసేస్తే పోయే ఒక వెబ్ పేజీకి ఒక నిండు ప్రాణం బలైపోయింది. ఈ కథనం రాయడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మన దేశంలో ఏ పోలీసూ, ఏ కోర్టూ పాప్-అప్‌లో జరిమానా వేయదు. కార్డు నంబరు టైపు చేయించుకుని కేసు కొట్టేయదు. నోటీసు ఇవ్వడానికి చట్టంలో పద్ధతి ఉంది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ బెదిరించేవాళ్ళు ఆడేదీ ఇదే నాటకం. అలాంటిది చట్టంలో లేనే లేదు. రెండు చోట్లా పెట్టుబడి ఒక్కటే: పరువు పోతుందన్న భయం. ఆ భయంతో ఎవరైనా నలిగిపోతున్నట్టు అనిపిస్తే, టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘అలౌ’ నొక్కే ముందు

2015 నుంచి వెబ్‌సైట్లకు ఇంకో వీలు దొరికింది. సైటు మూసేశాక కూడా మన ఫోన్‌కు నోటిఫికేషన్లు పంపవచ్చు. అందుకు మన అనుమతి కావాలి. ఆ అనుమతి లాక్కోవడానికి ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి’, ‘వీడియో చూడాలంటే అలౌ నొక్కండి’ అని రాస్తారు. నొక్కారా, ఇక రాత్రీ పగలూ ‘మీ బ్యాటరీ పాడైంది’, ‘మీ ఖాతా బ్లాక్ అయింది’ అన్న సందేశాలే. ఫోన్‌కు వైరస్ పట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ కనపడే జాబితాలో మీకు తెలియని ప్రతి సైటునూ తీసేయండి. అదే చోట ‘పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్’ అన్నది బ్లాక్‌లో ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్‌లో అయితే సఫారీ సెట్టింగ్స్‌లో ‘బ్లాక్ పాప్-అప్స్’ ఉంటుంది.

2024 నుంచి ఇంతకంటే ప్రమాదకరమైన ఎత్తు ఒకటి వచ్చింది. ‘నేను రోబోను కాదు’ అన్న పెట్టెలో టిక్ పెట్టగానే మూడు పనులు చేయమంటుంది. విండోస్ గుర్తునూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కండి, కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. టిక్ పెట్టిన క్షణంలోనే ఆ పేజీ ఒక కమాండ్‌ను మన క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసి ఉంటుంది. మన చేత్తోనే దాన్ని విండోస్‌కు ఇప్పిస్తుంది. బ్రౌజర్ కట్టిన గోడను మనమే దాటించేస్తున్నామన్నమాట. ఆ కమాండ్ పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాంలను దింపుతుంది. లుమ్మా అలాంటిదే. 2025లో కేవలం రెండు నెలల్లో సుమారు 3,94,000 విండోస్ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని మైక్రోసాఫ్ట్ గుర్తించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా దీనికి దొరికే అవకాశం ఉంది. కమాండ్ పేస్ట్ చేయడం వాళ్ళకు రోజూ అలవాటైన పని మరి. రోబో కాదని తేల్చే ఏ అసలైన పరీక్ష (క్యాప్చా) కూడా బ్రౌజర్ బయట ఏదీ చేయమనదు.

‘గూగుల్‌తో లాగిన్ అవండి’ అంటూ వచ్చే చిన్న కిటికీ మీద కూడా ఓ కన్నేయండి. పేజీలోనే కిటికీ బొమ్మ గీసి, పైన అచ్చం గూగుల్ అడ్రస్‌లా రాసే మోసం ఉంది. కంప్యూటర్లో ఆ కిటికీని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి చూడండి. నిజమైనదైతే బయటికి వస్తుంది. నకిలీదైతే అంచు దగ్గరే ఆగిపోతుంది. సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ దానంతటది రాకపోయినా అనుమానించాలి. పాస్‌వర్డ్ మేనేజర్ అసలు అడ్రస్‌ను చూస్తుంది, బొమ్మకు మోసపోదు.

మంచి పాప్-అప్‌లూ ఉన్నాయి

అన్నిటినీ కట్టేసి కూర్చుంటే పనులు ఆగిపోతాయి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫీజు రసీదు, హాల్‌టికెట్ లాంటివి కొన్ని సైట్లలో కొత్త కిటికీలోనే తెరుచుకుంటాయి. జేఎన్‌టీయూ రోడ్డులోనో మరో చోటో, ఫలితాల రోజు నెట్ సెంటర్లో కూర్చుంటే తెలుస్తుంది. ప్రింట్ నొక్కితే ఏమీ జరగదు. వెనక క్యూ పెరుగుతుంటుంది. విసిగిపోయిన నిర్వాహకుడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పాప్-అప్‌లన్నిటికీ అనుమతి ఇచ్చేస్తాడు. ఆ రోజు పని అవుతుంది. ఆ తర్వాత ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాళ్ళకూ కాపలా లేనట్టే.

చేయాల్సింది వేరే ఉంది. కిటికీ ఆగిపోయినప్పుడు అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వస్తుంది. దాని మీద నొక్కితే ఏ సైటు ఏ కిటికీ తెరవబోయిందో చూపిస్తుంది. ఆ అడ్రస్ మీరు కావాలని వెళ్ళిన బ్యాంకుదో యూనివర్సిటీదో అయితే ఆ ఒక్క సైటుకే అనుమతి ఇవ్వండి. మిగతావాటికి కాపలా అలాగే ఉంటుంది. నెట్ సెంటర్ల వాళ్ళు, మీసేవ కేంద్రాల వాళ్ళు ఈ ఒక్క పద్ధతి పాటిస్తే ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవాళ్ళవుతారు.

ఫోన్‌లో బ్రౌజర్ తెరవకుండానే ప్రకటనలు ముంచెత్తుతుంటే తప్పు బ్రౌజర్‌ది కాదు, ఏదో యాప్‌ది. టార్చ్, వాల్‌పేపర్, క్లీనర్ లాంటి పేర్లతో ఈమధ్య వేసిన యాప్‌లను ముందుగా అనుమానించాలి. సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ అని వెతికితే, మిగతా యాప్‌ల మీద తెర పరిచే అనుమతి ఎవరికి ఉందో తెలుస్తుంది. సంబంధం లేనిది కనపడితే అనుమతి తీసేసి, యాప్‌ను కూడా తొలగించండి.

వీటన్నిటికీ ముందు బ్రౌజర్‌నూ ఫోన్‌నూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి. పాత బ్రౌజర్లలోని లొసుగులతో, మనం ఏదీ నొక్కకుండానే లోపలికి దూరే దాడులు కూడా ఉన్నాయి.

చేయి జారితే

ఫోన్ చేసేశారు, యాప్ వేసేశారు, డబ్బు పోయింది. అప్పుడు?

ముందు నెట్ ఆపేయండి. వైఫై, డేటా రెండూ. అవతలివాడి చేతిలోంచి తెర జారిపోతుంది. తర్వాత 1930కు ఫోన్ చేయండి. ఇది జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారేలోగా ఖాతాల్లో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. మోసగాళ్ళు వేయించిన యాప్‌ను తీసేయండి. పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి, మోసపోయిన దాని నుంచి వద్దు.

బ్యాంకుకు చెప్పడంలో ఆలస్యం ఎందుకు కూడదో రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మనమే వివరాలు చెప్పేసి మోసపోతే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయిన సొమ్ము మన నష్టం. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మరెక్కడో లోపం వల్ల పోతే, మూడు పనిదినాల్లో చెబితే మన మీద భారం పడదు. అంటే ‘రేపు పిల్లాడు వచ్చాక చూద్దాంలే’ అని ఊరుకునే ప్రతి గంటా మన డబ్బే.

మరి ఎందుకు ఊరుకుంటారు? సిగ్గు వల్ల. ‘ఇంత చదువుకుని ఇదేంటి నాన్నా’ అని కొడుకు అంటాడేమోనని తండ్రి చెప్పడు. ‘నువ్వేం చూస్తుంటే అది వచ్చింది’ అని తండ్రి అడుగుతాడేమోనని కొడుకు చెప్పడు. పాప్-అప్ తయారుచేసేవాడికి మన కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోవచ్చు గానీ, ఈ సంగతి మాత్రం బాగా తెలుసు. తెర మీది కిటికీకి తనంతట తానుగా ఉన్న బలం బహు తక్కువ. మనం నొక్కే ‘అలౌ’, మనం చేసే ఫోను, మనం టైపు చేసే పాస్‌వర్డ్, ఎవరికీ చెప్పకుండా దాచుకునే భయం, ఇవే దాని బలం. ఇందులో మొదటి మూడింటినీ సెట్టింగ్స్, అలవాట్లు ఆపుతాయి. నాలుగోదాన్ని ఆపగలిగేది ఇంట్లోవాళ్ళే.

అందుకే ఈ పూట మీ అమ్మగారి ఫోన్, నాన్నగారి ల్యాప్‌టాప్ ఒకసారి అడిగి తీసుకోండి. నోటిఫికేషన్ల జాబితా శుభ్రం చేయండి. పాప్-అప్ బ్లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయండి. ఎస్కేప్ బటన్ ఎక్కడుందో, ఎలా నొక్కి పట్టుకోవాలో వాళ్ళ చేతే చేయించండి. 1930ని కాంటాక్టుల్లో సేవ్ చేయండి. ఇదంతా అయ్యాక ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ ఒకే మాట చెప్పండి: ‘తెర మీద ఏదొచ్చినా ముందు నాకు చెప్పండి. ఏం చూస్తున్నారని అడగను, కోప్పడను. కూర్చుని కలిసి మూసేద్దాం.’ చెప్పాక ఆ మాట మీద నిలబడండి. కోళికోడ్ పిల్లవాడికి ఆ మాట చెప్పేవాళ్ళు ఆ క్షణాన పక్కన లేరు. మన ఇళ్ళలో మనమున్నాం.